కరెంటు, నల్లా లేని పొలంలో తక్కువ ఖర్చుతో ఒక గట్టి గది: పునాది నుంచి సోలార్ దాకా

షాద్‌నగర్, చేవెళ్ల, పరిగి, యాచారం, నర్సాపూర్... హైదరాబాద్ నుంచి ఎటు వెళ్లినా పది గుంటలో, అరెకరమో కొనుక్కున్న కుటుంబాలు కనిపిస్తాయి. ఆదివారం పొద్దున్నే వెళ్తారు, మొక్కలకు నీళ్లు పోస్తారు, చెట్టు కింద బాక్సు విప్పుకుని తింటారు, చీకటి పడకముందే బయల్దేరతారు. రాత్రి ఉండాలంటే తలదాచుకునే చోటు ఉండదు. ఫామ్‌హౌస్ కట్టించే స్తోమత అందరికీ ఉండదు. కరెంటు స్తంభం ఎక్కడో అర కిలోమీటరు దూరంలో ఉంటుంది. అలాంటి వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట చెప్పాలి, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. ఉన్న డబ్బును పునాదిలోనూ కప్పులోనూ పెట్టండి, గోడల్లోనూ లోపలి హంగుల్లోనూ మిగుల్చుకోండి. మామూలుగా దీనికి తలకిందులుగా జరుగుతుంది. గోడలకు, టైల్స్‌కు, గేటుకు డబ్బంతా అయిపోయి, కప్పు దగ్గరికి వచ్చేసరికి సన్న రేకులు నాలుగు మేకులతో కొట్టి పని అయిందనిపిస్తారు. గోడను రెండేళ్ల తర్వాత ప్లాస్టరింగ్ చేసుకోవచ్చు, గచ్చును మూడేళ్ల తర్వాత మార్చుకోవచ్చు. కుంగిన పునాదిని మాత్రం బాగుచేయలేం. ఎగిరిపోయిన కప్పు కింద మనుషులుంటే ఆ నష్టం డబ్బుతో తీరేది కాదు.

ధరలు ఊరూరికీ మారతాయి కాబట్టి ఈ వ్యాసంలో పరిమాణాలు ఇస్తున్నాను. మీ దగ్గరి రేటుతో గుణించుకుంటే మీ ఖర్చు మీకు తెలుస్తుంది.

మొదట కాగితాలు

2025 ఏప్రిల్ నుంచి భూ రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. సర్వే నంబరు, పట్టాదారు పేరు, విస్తీర్ణం అందులో చూసుకుని, ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది) అయితే దాన్ని మీకు అమ్మే హక్కే అవతలివాళ్లకు ఉండదు, 1977 చట్టం ఆ బదిలీలను నిషేధించింది. "అందరూ కొంటున్నారు సార్" అనే మాట నమ్మి అడ్వాన్స్ ఇవ్వొద్దు.

పొలంలో నివాసం కట్టాలంటే ఆ మేరకు భూమిని వ్యవసాయేతరంగా మార్చుకోవాలి. అదే జనం నోట్లో ఉన్న "నాలా". పనిముట్లు, విత్తనాలు పెట్టుకునే చిన్న కొట్టానికి ఏం అవసరమో పంచాయతీ కార్యదర్శిని రాతపూర్వకంగా అడగండి. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలో ఉంటే అక్కడ ఏ జోన్ కిందికి వస్తుందో కూడా తెలుసుకోండి. మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు వాళ్లు జంట జలాశయాల రక్షణ కోసం కట్టడాలకు పరిమితులు పెట్టిన 1996 నాటి జీవో 111 కింద ఉన్న 84 గ్రామాల జాబితా చూసుకోవాలి. 2022లో సడలిస్తూ మరో జీవో వచ్చినంత మాత్రాన ఇష్టం వచ్చినట్టు కట్టుకోవచ్చని అర్థం కాదు.

చెరువు పక్కన పొలం చూడటానికి ఎంతో బాగుంటుంది. కానీ ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) ఎక్కడుందో, దాని అవతల కట్టకుండా వదలాల్సిన బఫర్ ఎంతో తేలకుండా అక్కడ ఒక్క రాయి కూడా వేయకండి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్ వదలాలి. ఎండాకాలంలో చూస్తే ఆ నేల మామూలు చెలకలాగే కనిపిస్తుంది. పక్క పొలం రైతును పలకరించి, "అన్నా, పెద్ద వానలు పడ్డప్పుడు నీళ్లు యాడిదాంక వస్తయి?" అని అడగండి. ఏ మ్యాపూ చెప్పనంత కచ్చితంగా ఆయన చేయి చాపి చూపిస్తాడు.

నేలను తెలుసుకోవడం

ఈ పని మీరే స్వయంగా చేయాలని నా కోరిక. మేస్త్రికి అప్పగించొద్దు.

గది వచ్చే చోట రెండు మూలల్లో గడ్డపారతో నాలుగైదు అడుగుల లోతు గుంతలు తవ్వించండి. దిగి పక్కగోడను చూడండి. హైదరాబాద్ చుట్టుపక్కల ఎక్కువగా పైన ఒకటి రెండు అడుగుల ఎర్రమట్టి, దాని కింద గరుకుగా, పారకు కిర్రుమనేలా మొరం తగులుతుంది. అలా ఉంటే మీ పునాది ఖర్చు సగం తేలికైనట్టే. వికారాబాద్, తాండూరు, జహీరాబాద్ వైపు చాలాచోట్ల నల్లరేగడి ఉంటుంది. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని చేయి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. దాని మీద నిలబెట్టిన గోడ ఏటా అంతో ఇంతో కదులుతూనే ఉంటుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకే పగుళ్లు దానివల్లే వస్తాయి.

తర్వాత సీసా పరీక్ష. పైపొర మట్టిని ఒక అడుగు తీసేసి, కింది మట్టిని దోసెడు తీసుకోండి. గడ్డలు చిదిపి, వెడల్పాటి గాజు సీసాలో మూడో వంతు వరకు పోసి, నిండా నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదపండి. చదునైన చోట పెట్టండి. ఒక నిమిషంలోపే ఇసుక అడుగుకు దిగుతుంది. అరగంటకు దాని మీద ఒండ్రు పేరుకుంటుంది. బంకమట్టి మాత్రం మర్నాటి దాకా నీళ్లను మసకగానే ఉంచుతుంది. మర్నాడు స్కేలు పెట్టి పొరలు కొలవండి. ఇసుక సగం పైన, బంకమట్టి అయిదో వంతు దరిదాపుల్లో ఉంటే ఆ మట్టితో సిమెంటు కలిపి ఒత్తిన ఇటుకలు చక్కగా వస్తాయి. బంకమట్టి అంతకన్నా బాగా ఎక్కువైతే ఇసుకో, క్రషర్ డస్టో కలపాలి. నల్లమట్టి అయితే ఇటుకల ఆలోచన మానేయండి.

ఈ దశలోనే ఒక పూట రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఎన్‌ఐఆర్‌డీకి వెళ్లి అక్కడి రూరల్ టెక్నాలజీ పార్క్ చూసి రండి. మట్టి ఇటుకలతో, తక్కువ ఖర్చు పద్ధతులతో కట్టిన నమూనా ఇళ్లు అక్కడ ఉన్నాయి. ఫోటోలో చూడటం వేరు, గోడ మీద చేయి పెట్టి చూడటం వేరు. వీలైతే మీ మేస్త్రిని కూడా వెంటబెట్టుకెళ్లండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

పునాది డిసెంబర్, జనవరిలో. గోడలు ఫిబ్రవరిలో. కప్పు మార్చి దాటకూడదు, ఎందుకంటే ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ఉన్నట్టుండి గాలివాన, ఒక్కోసారి వడగండ్లు వస్తాయి. సగం బిగించిన రేకులకు అంతకన్నా గండం లేదు. మరుగుదొడ్డి గుంతలు జూన్‌కు ముందే అయిపోవాలి. జూన్ పడితే ఊళ్లో కూలీలు విత్తనాల పనికి పోతారు, నల్లనేల దారిలో ట్రాక్టర్ కూడా దిగబడుతుంది.

గది ఎంత, ఎటు

లోపల 12 అడుగులకు 16 అడుగుల గది ఒకటి, దాని ముందు దక్షిణం వైపు 6 అడుగుల వసారా, పడమర గోడకు ఆనించి 5కు 8 అడుగుల స్నానాలగది. నలుగురు పడుకోవడానికి, మూలన వంట చేసుకోవడానికి ఇది చాలు. ఇంకో గది కావాలనిపిస్తే తర్వాత తూర్పు వైపు కలుపుకోవచ్చు.

16 అడుగుల వైపు తూర్పు పడమరలుగా సాగాలి. అప్పుడు సాయంత్రపు ఎండ తగిలే పడమర గోడ చిన్నదవుతుంది, దాన్నీ స్నానాలగది కాచుకుంటుంది. కిటికీలు ఉత్తరం, దక్షిణం గోడల్లో ఎదురెదురుగా పెట్టండి. పడమరకు కిటికీ వద్దు.

కప్పుకు ఉత్తరం నుంచి దక్షిణానికి ఒకటే వాలు ఇవ్వండి. ఉత్తర గోడ 11 అడుగులు, దక్షిణ గోడ 8 అడుగుల 9 అంగుళాలు. అడుగుకు 2 అంగుళాల వాలు అలాగే వసారా చివరి దాకా సాగితే అక్కడ 7 అడుగుల 9 అంగుళాల ఎత్తు మిగులుతుంది, తల తగలదు. ఒకే వాలు వల్ల లాభాలు చాలా ఉన్నాయి. నడికొప్పు దగ్గర కారే సమస్య ఉండదు, వాననీళ్లన్నీ ఒకే గొట్టంలోకి వస్తాయి, సోలార్ ప్యానెల్ దక్షిణానికి తిరిగి కూర్చుంటుంది, వేడిగాలి ఎత్తయిన ఉత్తర గోడ పైభాగంలోని వెంటిలేటర్ల నుంచి బయటికి పోతుంది.

వాస్తు చూసుకునేవాళ్లు గుమ్మాన్ని తూర్పు గోడకు మార్చుకోవచ్చు, దానివల్ల ఈ లెక్క ఏమీ చెడదు.

పునాది

ఎర్రనేలలో రెండు అడుగుల వెడల్పు, మొరం తగిలేదాకా, కనీసం రెండున్నర అడుగుల లోతు కందకం తవ్వాలి. ఈ కొలతలకు కందకం నుంచి దాదాపు 300 ఘనపుటడుగుల మట్టి వస్తుంది. అడుగున నీళ్లు చల్లి దిమ్మెసతో కొట్టి, 1:4:8 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) నాలుగు నుంచి ఆరు అంగుళాల కాంక్రీటు వేసి, ఆ పైన 1:6 సిమెంటు మాల్‌తో రాతి కట్టడం లేపండి. మన చుట్టూ గుట్టలన్నీ గ్రానైటే కాబట్టి పునాది రాయికి కొరత లేదు.

నల్లరేగడిలో కందకం మొరం దాకా వెళ్లాల్సిందే, నాలుగడుగులైనా అయిదడుగులైనా. అంత లోతులోనూ మొరం తగలకపోతే ఆగి, ఒక సివిల్ ఇంజనీరును పిలిచి చూపించండి. ఆయనకిచ్చే ఫీజు ఈ మొత్తం పనిలో మీరు పెట్టే అత్యంత విలువైన ఖర్చు.

నేల మట్టం నుంచి రెండడుగుల ఎత్తున బేస్‌మెంట్ ఉండాలి. వాననీటికి, పాములకు, చెదలకు అదే మొదటి అడ్డు. దాని మీద చుట్టూ తెగకుండా ఆరు అంగుళాల కాంక్రీటు పట్టీ, నాలుగు 10 మి.మీ. రాడ్లతో వేయండి. గదంతా ఒక్కటిగా ముడిపడి ఉండేది దానివల్లే. ఇక్కడ రాడ్లు తగ్గించి మిగుల్చుకుందామని ఎవరు చెప్పినా వినొద్దు.

లోపల నింపడానికి మొరమే వాడండి. దాదాపు 500 ఘనపుటడుగులు పడుతుంది. తవ్విన నల్లమట్టినే మళ్లీ లోపల పోసే అలవాటు చాలాచోట్ల ఉంది. అది వానాకాలంలో ఉబ్బి గచ్చును లేపుతుంది. ఆరేసి అంగుళాల పొరలుగా పోసి, తడిపి, కొట్టించాలి. గది చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా బండలు పరిస్తే గోడ మొదట్లో నీళ్లు ఇంకవు. నల్లనేలలో ఇది తప్పనిసరి.

గోడ

పొదుపు ఇక్కడ చేయాలి.

ఎర్రమట్టి పరీక్షలో నెగ్గితే, ఇటుకలు ఒత్తే మిషన్ అద్దెకు దొరికితే, 5 శాతం సిమెంటు కలిపి అక్కడికక్కడే ఒత్తుకోవచ్చు. కాల్చే పని లేదు. కానీ నాలుగు వారాలు నీడలో తడుపుతూ ఉంచాలి, నీళ్లు దగ్గర్లో లేకపోతే ఇది జరగదు. తొందరపడి వారానికే గోడ లేపితే మొదటి వానకే అంచులు రాలిపోతాయి.

అది కుదరకపోతే ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) ఇటుకలు తెప్పించి ర్యాట్ ట్రాప్ పద్ధతిలో కట్టించండి. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ విస్తృతంగా వాడి చూపించిన పద్ధతి ఇది. 9×4×3 అంగుళాల ఇటుకను పడుకోబెట్టకుండా పక్కకు నిలబెట్టి, లోపలి వరుసకూ బయటి వరుసకూ మధ్య మూడు అంగుళాల ఖాళీ వదులుతూ పోవాలి. గోడ మందం తొమ్మిది అంగుళాలే, ఇటుకలు మాత్రం నాలుగో వంతు తగ్గుతాయి. మన గదికి మామూలుగా కడితే దాదాపు 4,600 ఇటుకలు పట్టేచోట 3,500తో సరిపోతుంది, సిమెంటూ తగ్గుతుంది. లోపలి గాలి పొర వేడిని అడ్డుకుంటుంది. మేస్త్రి ఎప్పుడూ కట్టి ఉండకపోతే మొదటి రోజు విసుక్కుంటాడు. ముందు రోజు ఇటుకలను పొడిగా పేర్చి మూల ఎలా తిరగాలో చూపిస్తే రెండో రోజుకు చేయి తిరుగుతుంది. పునాది పట్టీ మీద మొదటి వరుస, కిటికీల అంచులు, చివరి వరుస మాత్రం ఖాళీ లేకుండా కట్టాలి. లేకపోతే ఆ సందుల్లో ఎలుకలు కాపురం పెడతాయి.

బయట ప్లాస్టరింగ్ అక్కర్లేదు, కీళ్లు నింపి తెల్ల సున్నం కొడితే చాలు. దర్వాజలకు, కిటికీలకు సిమెంటు చౌకట్లు తీసుకుంటే చెదల బెడద ఉండదు. నగరంలో పాత ఇళ్లు కూల్చేచోట టేకు తలుపులు తక్కువలో దొరుకుతాయి. చౌకట్లు చేయించకముందే తలుపులు కొనుక్కుని, వాటి కొలతకు చౌకట్టు చేయించుకోండి. గచ్చుకు తాండూరు బండలు చాలు, గదికీ వసారాకూ కలిపి రెండడుగుల బండలు 75 పడతాయి. వంట గట్టుకూ, అల్మరా అరలకూ అవే.

కిటికీల పైన మరో కాంక్రీటు పట్టీ, గోడ తలపైన ఇంకో పట్టీ చుట్టూ తిరగాలి. ఆ తలపట్టీ వేసేటప్పుడే కప్పు పని మొదలైనట్టు.

కప్పు

మే 9 ప్రాంతంలోనూ, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ హైదరాబాద్‌లో మధ్యాహ్నం నిటారుగా పాతిన కర్రకు నీడ పడదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అంటే ఎండాకాలపు వేడి మన గది మీద గోడల గుండా కన్నా కప్పు గుండానే ఎక్కువ దిగుతుంది. అందుకే గోడ మందం పెంచడానికి పెట్టే డబ్బు కప్పుకు మళ్లించమంటున్నాను.

ముందు ఏది వద్దో చెబుతాను. సిమెంటు రేకులు చౌక, కానీ వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కోసినప్పుడు, పగిలినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుంది. తాటాకు, గడ్డి కప్పు చల్లగా ఉంటుంది, కానీ సోలార్ తీగలూ పొయ్యీ ఉన్న గదికి నిప్పు భయం పెద్దది. పెంకుటిల్లు నాకు ప్రాణం. అయితే తెలంగాణ పల్లెల్లో ఇప్పుడు కోతుల మంద ఒకసారి ఎక్కిందంటే పెంకులు చెల్లాచెదురవుతాయి, వారానికోసారి వెళ్లేవాళ్లు దాన్ని సర్దుకోలేరు. కాబట్టి కలర్ కోటెడ్ ఇనుప రేకులే మిగులుతాయి. మందం 0.47 మి.మీ.కు తగ్గొద్దు. పైవైపు తెలుపు రంగుదే తీసుకోండి. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేది కూడా ఇదే, తెల్లటి కప్పు ఎండను తిప్పికొడుతుంది.

ఇప్పుడు గాలి సంగతి. భారతీయ ప్రమాణాల్లో హైదరాబాద్‌కు లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. ఆ గాలి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 118 కిలోల బరువుకు సమానం. రేకు బరువు చదరపు మీటరుకు అయిదు కిలోలు కూడా ఉండదు. చూరులన్నీ కలుపుకుని మన కప్పు 41 చదరపు మీటర్లు. అంటే గట్టి గాలివానలో దాన్ని పైకి లాగే బలం నాలుగైదు టన్నుల దాకా పోవచ్చు. రేకుల మీద పెట్టే రాళ్లు, ఇసుక సంచులు ఈ బలం ముందు ఎందుకూ పనికిరావు. పైగా గాలికి అవే జారి కిందివాళ్ల మీద పడతాయి. కప్పును పట్టి ఉంచాల్సింది గోడ బరువు. గోడ బరువు కప్పుకు అందాలంటే ఇనుప రాడ్లు రెండింటినీ కలపాలి.

అది ఇలా చేస్తారు. కిటికీల పైపట్టీ వేసేటప్పుడే, పైన దూలం వచ్చే ప్రతిచోటా 12 మి.మీ. రాడ్డును పట్టీ లోపలి రాడ్ల కిందుగా కొక్కెంలా వంచి కట్టి నిలబెట్టాలి. గోడ దాని చుట్టూ లేస్తుంది, ఆ గూళ్లను కాంక్రీటుతో నింపుతారు, రాడ్డు తలపట్టీని కూడా దాటి పైకి వస్తుంది. దూలం పెట్టాక ఆ రాడ్డును ఇనుప ప్లేటుతో దూలానికి వెల్డింగ్ చేయాలి. ఉత్తరం నుంచి దక్షిణానికి 100×50 మి.మీ., 3 మి.మీ. మందం ఇనుప పైపులు అయిదు దూలాలుగా, దాదాపు నాలుగేసి అడుగుల దూరంలో. వాటి మీద అడ్డంగా 40×40 పైపులు మూడున్నర అడుగులకు ఒకటి. వెల్డింగ్ చేసిన ప్రతి చోటా తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ రంగు పూయించండి. వెల్డర్ సాయంత్రం హడావుడిలో రెండు చుక్కలు పెట్టి వెళ్లిపోకుండా చుట్టూ పూర్తిగా పోశాడో లేదో ఒక్కో కీలూ చూసి పంపండి.

రేకులను రబ్బరు వాషరున్న స్క్రూలతో గట్టు భాగం మీద బిగించాలి, నీళ్లు పారే పల్లం మీద కాదు. అంచుల్లోనూ మూలల్లోనూ ప్రతి గట్టుకూ ఒక స్క్రూ. గాలి ముందు లేపేది అంచునే.

వసారా చివరన రాతి కడీలు నిలబెట్టండి, పొలం కంచెలకు వాడేవే, కాస్త పొడుగువి. చెద పట్టదు, తుప్పు పట్టదు. రెండున్నర అడుగులు పాతి చుట్టూ కాంక్రీటు పోసి, దూలాన్ని ఇనుప పట్టీలతో వాటికి బిగించాలి. వసారా కిందికి దూరిన గాలి పైకి తన్నుతుంది కాబట్టి ఈ బిగింపు గదిలో దానికన్నా గట్టిగా ఉండాలి.

చివరగా రేకు కింద ఆరు అంగుళాల ఖాళీ వదిలి వెదురు తడకలు కట్టించండి. ఆ ఖాళీలోని వేడిగాలి ఉత్తర గోడ పైనున్న వెంటిలేటర్ల నుంచి పోయేలా దారి ఉంచి, వాటికి దోమల జాలీ కొట్టండి. రేకుల కింద మధ్యాహ్నం కూర్చోలేమన్న ఫిర్యాదు చాలావరకు దీంతో తీరుతుంది. వానపడేటప్పుడు వచ్చే మోత కూడా తగ్గుతుంది.

నీళ్లు

బోరు మీద ముందే లక్షలు పోయొద్దు. ఇక్కడి గట్టి రాతి నేలలో ఒక పొలంలో నీళ్లు పడి పక్క పొలంలో పడకపోవడం మామూలే. వేయాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి కూడా కావాలి. ముందు వాననీళ్ల లెక్క చూడండి.

హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మి.మీ. వాన పడుతుంది. చదరపు మీటరు మీద ఒక మి.మీ. పడితే ఒక లీటరు. మన 41 చదరపు మీటర్ల కప్పు మీద, అయిదో వంతు నష్టం తీసేసినా ఏడాదికి 26 వేల లీటర్లు. 20 మి.మీ. జల్లు ఒక్కటి పడితే 650 లీటర్లు. చూరు కింద పీవీసీ గొట్టం సగానికి కోసి వాలుగా బిగించి, మొదటి జల్లు నీళ్లు బయటికి వదిలే వాల్వ్ ఒకటి పెట్టి, ఆ తర్వాతివి జాలీ గుండా ట్యాంకులోకి మళ్లించండి. వెలుతురు పడితే నాచు పడుతుంది కాబట్టి నల్ల ట్యాంకే మంచిది, మూత బిగుతుగా ఉండాలి. నలుగురు మనిషికి 60 లీటర్ల చొప్పున వాడుకుంటే 2,000 లీటర్ల ట్యాంకు ఎనిమిది రోజులొస్తుంది. వారాంతాల్లో వెళ్లేవాళ్లకు అది నెల. ఎండాకాలానికి ట్యాంకరు తప్పదు, దారి ట్యాంకరు వచ్చేంత వెడల్పుందో లేదో ముందే చూసుకోండి.

స్నానాలగది మీద నాలుగు అంగుళాల స్లాబు వేసి దాని మీద 500 లీటర్ల ట్యాంకు పెడితే నల్లాలకు మోటారు లేకుండా నీళ్లొస్తాయి. కింది ట్యాంకు నుంచి పైకి ఎక్కించడానికి చేతి పంపు గానీ చిన్న డీసీ పంపు గానీ చాలు.

తాగడానికి పట్నం నుంచి క్యాన్ తీసుకెళ్లండి, లేదా ఊళ్లో మిషన్ భగీరథ (ప్రభుత్వ మంచినీటి పథకం) నీళ్లు పట్టుకోండి. బోరు నీళ్లు తాగాలనుకుంటే ముందు పరీక్ష చేయించండి. నల్గొండ జిల్లా మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ తరాలపాటు ఎముకలు వంచింది. లీటరుకు 1.5 మి.గ్రా. దాటితే తాగకూడదు, మరిగించినా అది పోదు.

మరుగుదొడ్డి

సెప్టిక్ ట్యాంకు అక్కర్లేదు. రెండు గుంతల పద్ధతి చౌక, మేలు. మూడడుగుల సిమెంటు ఒరలు దించి, వాటికి పక్కల చిల్లులు ఉంచి, అడుగు మట్టిగానే వదిలేసి, పైన మూత వేస్తారు. దొడ్డి నుంచి వచ్చే పైపు ఒక చిన్న చాంబర్‌లో రెండుగా చీలుతుంది. ఒకటి మూసి ఒకటి వాడాలి. అది నిండాక రెండోదానికి మార్చి, మొదటిదాన్ని రెండేళ్లు వదిలేస్తే లోపల ఉన్నది వాసన లేని ఎరువవుతుంది, చెట్లకు వేసుకోవచ్చు. రెండు గుంతల మధ్య కనీసం మీటరు, బోరు నుంచి కనీసం పది మీటర్లు దూరం ఉండాలి. నల్లరేగడిలో నీళ్లు త్వరగా ఇంకవు, ఒరల చుట్టూ అడుగు మందాన ఇసుక, కంకర నింపండి. స్నానం నీళ్లు ఈ గుంతల్లోకి పంపొద్దు, అరటి చెట్లకు వదలండి.

కరెంటు

సోలార్ కొనేముందు కాగితం మీద లెక్క రాసుకోండి. 9 వాట్ల బల్బులు నాలుగు, 5 గంటలు: 180. తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, 30 వాట్ల చొప్పున 10 గంటలు: 600. ల్యాప్‌టాప్ మూడు గంటలు: 180. ఫోన్లకు 40. మొత్తం వెయ్యి వాట్ అవర్లు, అంటే రోజుకు ఒక యూనిట్. ఇందులో బీఎల్‌డీసీకి బదులు 75 వాట్ల పాత ఫ్యాన్లు రెండు పెడితే వాటికే 1,500 అవుతుంది. ఫ్యాన్ మీద కొంచెం ఎక్కువ పెడితే ప్యానెల్, బ్యాటరీ మీద చాలా మిగులుతుంది.

మన దగ్గర రోజుకు సగటున అయిదు గంటల పూర్తి ఎండ లెక్కేసి, 30 శాతం నష్టం తీసేస్తే 300 వాట్ల ప్యానెల్ సరిపోవాలి. జులై, ఆగస్టు ముసురు రోజుల కోసం 540 వాట్లది ఒకటి తీసుకోండి. బ్యాటరీ 24 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) అయితే ఎండ లేకపోయినా రెండు రోజులు నడుస్తుంది. డబ్బు చాలకపోతే 150 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు, సగానికి మించి వాడకుండా. అవి గ్యాస్ వదులుతాయి, పడుకునే గదిలో పెట్టొద్దు. ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య పెట్టే ఛార్జ్ కంట్రోలర్ ఎంపీపీటీ (ప్యానెల్ నుంచి గరిష్ఠంగా కరెంటు రాబట్టే రకం) తీసుకోండి. బ్యాటరీ పక్కనే డీసీ ఫ్యూజు, ప్యానెల్ ఫ్రేముకు ఎర్తింగ్ తప్పకుండా ఉండాలి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో నాలుగు దుకాణాలు తిరిగితే అన్నీ దొరుకుతాయి, వారంటీ కార్డు మీద సీరియల్ నంబరు రాయించుకోండి.

ప్యానెల్ రెయిళ్లను రేకుకు కాకుండా కింది ఇనుప పైపులకు బిగించాలి. ఇంటి సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ గ్రిడ్‌కు (కరెంటు లైనుకు) కలిపే వాటికే వస్తుంది, ఈ తరహా దానికి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

రాత్రి ఉండేముందు

కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. నొప్పి, వాపు పెద్దగా లేకపోవడం వల్ల చాలామందికి కాటు పడ్డట్టే తెలియదు. మంచం మీదే పడుకోండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. తలుపు కింద సందు వేలు పట్టనంతగా ఉండాలి. కట్టెల మోపు, ఇటుకల కుప్ప గది గోడకు ఆనించి పెట్టొద్దు, అక్కడికి ఎలుక, ఎలుక కోసం పాము వస్తాయి. కాటు పడితే కోయడం, తాడు బిగించడం, నాటు మందు ఏవీ వద్దు. కాలో చేయో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. పాము విరుగుడు ఇంజెక్షన్ ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉందో, అక్కడికి రాత్రి ఎంతసేపు పడుతుందో మొదటి రాత్రికి ముందే కనుక్కుని తలుపు వెనక పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. పొలంలో సిగ్నల్ ఏ మూల వస్తుందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

తాళం చెవి ఒకటి పక్క పొలం కుటుంబం దగ్గర ఉంచండి. ఏటా మార్చిలో ఒకరు నిచ్చెన వేసుకుని ఎక్కి రేకుల స్క్రూలన్నీ ఒకసారి బిగించి, ఎండకు బీటలిచ్చిన వాషర్లు మార్చాలి. మే నెలాఖరున చూరు గొట్టంలో ఆకులు తీసి, ట్యాంకు కడిగి, వెల్డింగ్ కీళ్ల దగ్గర తుప్పు కనిపిస్తే గీకి మళ్లీ రంగు వేయండి. పూట పని.